పదును

నీళ్ళలో వేసిన రాయి
బుడగలు మానేదాకా ఆగాలి.
తొందరపడితే రాయి ఉక్కుని తినేస్తుంది.
ఇది నాకెవరూ చెప్పలేదు,
మా వంటింటి కత్తులు రెండు పాడయ్యాక తెలిసింది.

బ్యాలరాట్‌లో ఆదివారం, ఆరున్నర.
సంత మైదానంలో గడ్డి మీద మంచు కరకరమంటోంది.
మడతబల్ల, రెండు బకెట్లు, ఐదు రాళ్ళు,
చేత్తో రాసిన అట్ట:
కత్తి ఎనిమిది డాలర్లు. కత్తెర పద్నాలుగు.
సెలూన్ కత్తెర ముప్ఫై ఐదు, బేరం లేదు.
అడుగున పదకొండంకెల నంబరు.
అరవై ఎనిమిదేళ్ళ ఈ మనిషి ఒక వ్యాపారమని
ప్రభుత్వం ఒప్పుకున్నట్టు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు
ఆస్పత్రి నేలమాళిగలో
మైనంలో బిగించిన మాంసపు ముక్కల్ని
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోశాను.
గాజుపలక మీద పరిచి, రంగేసి, పైకి పంపేదాన్ని.
ఎవరి రొమ్ములోదో, ఎవరి పేగులోదో,
పేరుండదు, నంబరే.
అంచు పిసరంత మొద్దుబారినా
ముక్కలో గీత పడుతుంది.
ఆ గీతలో ఒక జబ్బు నక్కి కూర్చోవచ్చు.
అందుకే ఇప్పటికీ
ఎవరింటికైనా భోజనానికెళ్తే
ముందు వాళ్ళ కత్తిపీట వంక చూస్తాను.

దాచుకున్న డబ్బుని ఇక్కడ సూపర్ అంటారు.
పేరులో ఉన్న గొప్ప నా ఖాతాలో లేదు.
నలభై ఐదో ఏట మొదలెట్టినవాళ్ళకి
అది నడక నేర్చేలోపే మనం కూలబడతాం.

పింఛను పక్షానికోసారి.
మా అమ్మ పక్షాలు చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టేది.
నేను ఫోను చూసి.
గ్యాసు బిల్లు వచ్చిందంటే కృష్ణపక్షం.
రాళ్ళ మీద సంపాదించింది కూడా పక్షం పక్షం చెప్పాలి,
హద్దు దాటితే
డాలరుకి అర్ధ డాలరు కోత.
కోతల సంగతి నాకు చెప్పాలా!

మా ఆయన నతానియేలు
రసీదు పుస్తకంతో పక్కన కూర్చుంటాడు.
చిల్లర ఇవ్వడం, చలిని తిట్టడం ఆయన శాఖలు.

సెలూన్ బ్రాన్విన్ కత్తెరని
పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి తెస్తుంది.
మాంసం కొట్టు మిలోరాడ్
నేను పదును పెట్టిన కత్తితో వేలు కోసుకుని
మరుసటి వారం కట్టుతో వచ్చాడు.
పోట్లాటకే అనుకున్నాను.
ఇంకో ఆరు కత్తులు బల్ల మీద పడేసి
బొటనవేలు పైకెత్తాడు, కట్టున్నదే.

ఇవాళ ఒక ముసలాయన,
ఉన్ని టోపీ, చేతిలో పాత వంటకత్తి.
మొహం తెలీదు. గొంతు తెలుసు.
నేలమాళిగ ఫోనులో ఇరవై ఏళ్ళు విన్న గొంతు:
"మళ్ళీ కొయ్యి. గీత పడింది."
డాక్టర్ హాలరన్.
మెట్లు దిగి ఒక్కసారైనా మా గదికి రాలేదు.

"పింఛనుదార్లకి తగ్గింపేమైనా ఉందా?"
"నేనూ పింఛనుదారునే" అన్నాను.
ఇద్దరం నవ్వాం.
నతానియేలు నవ్వలేదు, ఆయన లెక్కలో ఉన్నాడు.

ముతక రాయి. నడిమి రాయి.
తర్వాత సన్న రాయి, నీళ్ళు తప్ప చప్పుడు లేనిది.
వేళ్ళు చలికి చచ్చుబడ్డాయి గాని
మణికట్టుకి కోణం గుర్తుంది.
పదును చూడ్డానికి నా దగ్గర సూపర్ వాళ్ళ ఉత్తరాలుంటాయి,
మంచి దళసరి కాగితం.
"గౌరవ సభ్యురాలా" దగ్గర ఆనించి వదిలాను.
కత్తి తన బరువుతోనే దిగింది.

రాలిన పేలికని ఆయన తీసుకుని
ఎండకి ఎత్తి పట్టుకున్నాడు,
ఒక కన్ను మూసి,
వెనక జనం ఆగుతున్నా.

"గీత లేదు" అన్నాడు.

నా వంక చూశాడో లేదో.
నేను అప్పటికి బకెట్లో నీళ్ళు మారుస్తున్నాను.